ఖరీదైన ఆటగాడికి ఒక్క రాత్రి చాలు

కోట్లు పోసి కొన్న ఫుట్‌బాల్ ఆటగాడు ఆ డబ్బుకు తగినవాడేనా అని తేల్చాలంటే ముందు గోల్స్ లెక్కను పక్కన పడేయండి. ఎన్ని మ్యాచ్‌లాడాడు, ఎన్ని కొట్టాడు, ఒక్కో గోల్‌కి ఎంత పడింది అని భాగహారాలు చేసేవాళ్లు ఆట చూడటం లేదు, పద్దు రాసుకుంటున్నారు. క్లబ్బు ఆడేది కప్పు కోసం. ఆ కప్పు చేతికొచ్చేదీ, జారిపోయేదీ ఒకటి రెండు రాత్రుల్లోనే. ఆటగాడిని ఆ రాత్రుల్లోనే తూచండి. మిగతా తొమ్మిది నెలలూ వదిలేయండి.

ఫెర్నాండో టోరెస్ సంగతే చూడండి. 2011 జనవరి 31న చెల్సీ అతన్ని లివర్‌పూల్ నుంచి 5 కోట్ల పౌండ్లకు కొంది. బ్రిటన్‌లో అప్పటిదాకా ఏ క్లబ్బూ ఏ ఆటగాడికీ అంత పెట్టలేదు. లివర్‌పూల్‌కి 142 మ్యాచ్‌ల్లో 81 గోల్స్ కొట్టినవాడు, చెల్సీకి మొదటి గోల్ కొట్టేసరికి ఏప్రిల్ నెల వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో గోల్‌కీపర్‌ని దాటుకుని వెళ్లి కూడా బంతిని ఖాళీ గోల్ బయటికి తన్నాడు. చెల్సీకి ఆడిన 172 మ్యాచ్‌ల్లో 45 గోల్స్. అయిదున్నరేళ్ల కాంట్రాక్ట్ మీద ఆ ఫీజును పంచితే ఏటా దాదాపు 90 లక్షల పౌండ్ల ఖర్చు. అన్నీ నిజాలే. అన్నీ మరిచిపోండి.

గుర్తుంచుకోవలసింది 2012 ఏప్రిల్ 24. బార్సిలోనాలో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్. కెప్టెన్ జాన్ టెరీ రెడ్ కార్డ్‌తో వెళ్లిపోయాడు, చెల్సీకి మిగిలింది పదిమందే. 2-0తో వెనకబడ్డాక రామిరెస్ ఒకటి తిరిగి ఇచ్చాడు. మెస్సీ పెనాల్టీ అడ్డకర్రకి తగిలింది. చివర్లో ద్రోగ్బాకి బదులు టోరెస్ దిగాడు. ఇంజురీ టైంలో వెనక నుంచి కొట్టిన బంతి అతని ముందు పడింది. ఎదురుగా సగం మైదానం ఖాళీ. గోల్‌కీపర్ వాల్డెస్‌ని పక్కకు తప్పించి గోల్ చేశాడు. ఇక్కడ మనకి రాత్రి రెండు దాటింది. ఆ పరుగు చూసినవాళ్లెవరికీ ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టి ఉండదు.

ఆ గోల్ లేకపోయినా అప్పటి నియమం ప్రకారం బయటి మైదానంలో కొట్టిన గోల్ బలంతో చెల్సీయే ఫైనల్‌కి వెళ్లేది కదా అని ఎవరైనా అంటారు. వాళ్లతో వాదించకండి. బార్సిలోనాకి ఇంకొక్క గోల్ దొరికుంటే అంతా ముగిసిపోయేది. ఆ తలుపు మూసింది టోరెస్. ఆ తర్వాత మే 19న మ్యూనిక్‌లో జరిగిన ఫైనల్‌లో బయర్న్ 83వ నిమిషంలో గోల్ కొట్టగానే మళ్లీ అతనే దిగాడు. 88వ నిమిషంలో చెల్సీకి కార్నర్ సంపాదించిందీ అతనే. ఆ కార్నర్‌ని ద్రోగ్బా తలతో గోల్‌లోకి పంపాడు. చివరికి పెనాల్టీల్లో కప్పు చెల్సీదైంది. బావి తవ్వినవాడిని నీళ్లు పడ్డాయా అని అడుగుతాం గానీ ఎన్ని గునపం పోట్లు వేశావని అడగం. 5 కోట్ల పౌండ్లు ఆ రెండు రాత్రుల్లోనే తీరిపోయాయి.

ఇంట్లో మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఆటగాడి పేరు అనుకుని కళ్లు మూసుకోండి. ఒక రాత్రి, ఒక మైదానం, ఒక కదలిక వెంటనే కళ్ల ముందుకొస్తే కొనుగోలు ఫలించినట్టే. తడుముకోవలసి వస్తే ఫలించనట్టే, అతను వందలకొద్దీ గోల్స్ కొట్టినా సరే. డిఫెండర్లకీ ఇదే పరీక్ష. వాన్ డైక్‌కి 2018లో లివర్‌పూల్ పెట్టిన 7.5 కోట్ల పౌండ్లు 2019 జూన్ 1న మాడ్రిడ్‌లో టాటెన్‌హామ్‌కి ఒక్క గోల్ కూడా ఇవ్వని ఫైనల్‌తో చెల్లయ్యాయి.

అయితే ఒక షరతు గట్టిగా పట్టుకోండి. ఆ రాత్రి కాళ్లు మైదానంలో ఉండాలి. ఈడెన్ హజార్డ్ రియల్ మాడ్రిడ్‌కి 76 మ్యాచ్‌ల్లో 7 గోల్స్ కొట్టాడు. అది నాకు అడ్డే కాదు. 2022 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ పూర్తయ్యేదాకా బెంచీ మీదే ఉన్నాడు, అదే అడ్డు. అతని మెడలో పతకం ఉన్నా మీ జాబితాలోకి రానివ్వకండి.

ఇక హ్యారీ కేన్. బయర్న్‌కి వచ్చిన మొదటి సీజన్‌లోనే, 2023-24లో, 44 గోల్స్ కొట్టాడు. జట్టుకి ఒక్క కప్పూ రాలేదు. మాడ్రిడ్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో 1-0తో ముందున్నప్పుడు 85వ నిమిషంలో అతన్ని బయటికి పిలిచారు. తర్వాత రియల్ మాడ్రిడ్‌కి హోసెలు రెండు గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది జర్మన్ లీగ్ గెలిచారు, నిజమే. కానీ లైప్‌జిగ్‌తో గెలిస్తే టైటిల్ ఖాయమయ్యే మ్యాచ్‌కి అతను సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఆ మ్యాచ్ 3-3తో ముగిసింది. మర్నాడు లెవర్‌కూజెన్ డ్రా చేసుకోవడంతో కూర్చున్న చోటే టైటిల్ వచ్చింది. కాబట్టి ఆ రెండేళ్ల గోల్స్ ఎన్ని చూపించినా ఒప్పుకోకండి. ఆ రెండేళ్లలో కేన్ మైదానంలో ఉండగా కప్పు చేతులు మారిన రాత్రి ఏదో చెప్పమనండి.