గాల్లో గంట, నేల మీద నాలుగు

భోగాపురం కొత్త విమానాశ్రయంలో విమానం దిగిందో లేదో, విజయవాడ నుంచి విశాఖకు గంట చాలన్న మాట మళ్లీ ఊపందుకుంది. లెక్కలో తప్పేమీ లేదు. గన్నవరం నుంచి ఇప్పటి విశాఖ విమానాశ్రయానికి గాలిదారిన సుమారు 290 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్‌కు లేవడం, వాలడం కలుపుకున్నా గంట సరిపోతుంది. తేలాల్సిందల్లా ఒక్కటే: గన్నవరం టెర్మినల్లో కాపురముండి, విశాఖ రన్‌వే మీద ఉద్యోగం చేసేవాళ్లు ఎందరు?

కొత్త విమానాశ్రయానికి మారాక ఈ ప్రయాణం మరీ రసవత్తరం. భోగాపురం విశాఖకు ఈశాన్యంగా 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. విజయవాడ ప్రయాణికుడు విశాఖను దాటిపోయి, విజయనగరం జిల్లాలో దిగి, దాటిన ఊరికే ట్యాక్సీ కట్టించుకుని వెనక్కి రావాలి. గాలిదారి 330 కిలోమీటర్లకు పెరుగుతుంది. కిటికీ సీటు దొరికితే తాను దిగాల్సిన ఊరిని పైనుంచి చూసుకునే భాగ్యం మాత్రం ఉచితం. ఇక కూడండి. విజయవాడ బెంజి సర్కిల్ నుంచి గన్నవరానికి ముప్పావు గంట, తనిఖీల కోసం గంటన్నర ముందు, విమానంలో గంట, దిగి బ్యాగు తెచ్చుకోవడానికి అరగంట, భోగాపురం నుంచి విశాఖ జగదాంబ సెంటరుకు గంటంబావు. వెరసి అయిదు గంటలు. ఊరి నడిబొడ్డున ఎక్కించి ఊళ్లోనే దింపే వందే భారత్‌కు ఆ 350 కిలోమీటర్ల పట్టాల దారి సుమారు నాలుగు గంటలు. గంట ప్రయాణం నాలుగు గంటల ప్రయాణం కన్నా గంట ఎక్కువ పట్టడం ఈ శతాబ్దపు ప్రగతి. భోగాపురానికి కొత్త రోడ్డు పడితే తగ్గుతుందంటారు. రోడ్డు వెడల్పవుతుంది గానీ, విశాఖ ఉత్తరానికి జరగదు కదా!

భోగాపురం వద్దంటారా అని కొందరు మీదికొస్తారు. ఎవరొద్దన్నారు? ఇప్పటి రన్‌వే నౌకాదళానిది. ఢిల్లీకో, సింగపూర్‌కో వెళ్లే ఉత్తరాంధ్రవాళ్లకు సొంత విమానాశ్రయం కావాల్సిందే. మండుతున్నదల్లా ఇలాంటి దగ్గరి దూరాలకు కూడా విమానమే మందని ఊరూరా అమ్ముతున్నందుకు. ఆ మందు పనితనం కాగ్ 2023లోనే చెప్పింది. ప్రాంతీయ విమాన పథకం ఉడాన్ మొదటి మూడు విడతల్లో 774 మార్గాలు కేటాయిస్తే, 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ గడువు పూర్తిగా నడిచినవి 112. ఆ తర్వాత కూడా నిలిచినవి 54. ఆ రాయితీ ఆకాశం నుంచి రాలలేదు. మిగతా మార్గాల విమానాలపై వేసిన సుంకం, రాష్ట్రాల ఖజానా వాటా కలిపి ఇచ్చినదే. హవాయి చెప్పుల మనిషిని విమానం ఎక్కిస్తామని జనం సొమ్ముతో సీట్లు నింపి, సొమ్ము ఆగగానే విమానం ఎత్తేయడాన్ని అభివృద్ధి అనడానికి సిగ్గుండాలి. ఫ్రాన్స్ అయితే రెండున్నర గంటల్లో రైలు చేర్చగల కొన్ని మార్గాల్లో విమానాలనే నిషేధించింది. మనం రైలున్న చోటే విమానాన్ని వెతుకుతున్నాం.

కాబట్టి అయ్యా, ప్రకటనల్లో సమయం వేస్తే గుమ్మం నుంచి గుమ్మానికి వేయండి. జిల్లాకో రన్‌వే గీసే ముందు, రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో తలుపు పక్కన నిలబడి ఆరు గంటలు పోయే మనిషి కోసం ఇంకో రెండు బోగీలు తగిలించండి. వాటికి వందల ఎకరాల భూసేకరణ అక్కర్లేదు.