తాకట్టులో ఒక రాజ్యం

పిల్లనివ్వాలంటే అబ్బాయి జీతమెంత, అప్పులెన్ని అని నాలుగిళ్లలో ఆరా తీస్తాం. రాజ్యమివ్వడానికి అవేవీ అక్కర్లేదని 1736లో కోర్సికా ద్వీపం తేల్చింది.

జెనోవా పెత్తనం మీద అప్పటికి ఏడేళ్లుగా తిరగబడుతున్న దీవి అది. మార్చిలో అలేరియా తీరాన ఓ పెద్దమనిషి దిగాడు. పొడవాటి ఎర్ర అంగీ, మూరుల లాగు, పసుపు జోళ్లు, ఈక గుచ్చిన స్పానిష్ టోపీ, నడుముకు పిస్తోళ్లు. పేరు థియోడోర్ ఫాన్ నాయ్‌హోఫ్, జర్మన్ బారన్. ఫ్రాన్సు, స్వీడన్, స్పెయిన్ కొలువులన్నీ చూసొచ్చాడు. స్పెయిన్‌లో భార్య నగలతో ఉడాయించాడని చెప్పుకునేవారు. అయితేనేం, ట్యూనిస్ నుంచి తుపాకులూ మందుగుండూ బూట్లూ తెచ్చాడు!

కోర్సికన్లు అమాయకులేం కాదు. ఏప్రిల్ 15న అలెసానిలో కిరీటం పెట్టారు, అదీ ఆకులతో అల్లింది. పెడుతూనే 24 మంది సభ ఒప్పుకోనిదే పన్నుల్లేవు, యుద్ధాల్లేవు అని రాయించుకున్నారు. ఇక రాజుగారి చేతిలో మిగిలినవి బిరుదులు. వాటికి ఖజానా అక్కర్లేదు గనక కౌంట్లు, మార్క్విసులు పుట్టుకొచ్చారు. నాణేలూ కొట్టించారు, చాలావరకు రాగివే. రేపో మాపో సాయం ఓడలొస్తాయన్నారు. ఓడలు రాలేదు. నేనే వెళ్లి తెస్తానంటూ నవంబరులో పాదిరీ వేషంలో రాజుగారే ఓడెక్కారు. నిధుల కోసం రాజధానికి వెళ్లి రాని నాయకుల్ని ఎరిగినవారికి ఇది వింతేం కాదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో అప్పులవాళ్లు జైల్లో వేయించారు. తర్వాత దీవికి తిరిగొచ్చినా సింహాసనం దక్కలేదు. చివరికి లండన్‌లో కింగ్స్ బెంచ్ జైలు, మళ్లీ అప్పులకే. 1755లో దివాలా చట్టం కింద వదలాలంటే ఆస్తి చూపమన్నారు. చూపించారు: కోర్సికా రాజ్యం! అప్పులవాళ్ల పేరిట అది రిజిస్టరులో ఎక్కింది కూడా. సరిగ్గా ఆ ఏడే పాస్కాలే పావోలీ నాయకత్వంలో ఆ దీవి రాజు లేని రాజ్యాంగం రాసుకుంటోంది. థియోడోర్ మంత్రుల్లో ఒకరైన జాచింతో పావోలీ కొడుకే ఆ పాస్కాలే. తామంతా లండన్ అప్పులవాళ్ల సొత్తయ్యామని దీవివాళ్లకేం తెలుసు!

మరుసటేడు రాజుగారు పోయారు. ఆయన్ని మోసగాడని నోరారా తిట్టిన జెనోవా, 1768లో అదే దీవిని ఖర్చుల బాకీ కింద ఫ్రాన్సుకు అప్పజెప్పింది. ఈసారీ దీవివాళ్లను ఎవరూ అడగలేదు. కాకపోతే దీన్ని మోసమనలేదు, వెర్సాయ్ ఒడంబడిక అన్నారు.