ముందు రిజల్టు, తర్వాత ప్రయోగం

మా రాజుపాలెం మండలంలో బయోటెక్నాలజీ రానివాడంటూ లేడు. 2002 మార్చిలో ఢిల్లీవాళ్లు బీటీ పత్తికి అనుమతిచ్చారు. 2006లో రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది. అప్పట్నుంచి అరుగుల మీద శాస్త్ర చర్చలే. తర్వాత బీజీ-3 అనేదొకటి దిగింది. కలుపుమందు కొట్టినా చావని పత్తి. దేశంలో దాని సాగుకు అనుమతే లేదు కాబట్టి ఆ ప్యాకెట్టుకు బిల్లుండదు, లాట్ నంబరుండదు. నమ్మకం మాత్రం దండిగా ఉంటుంది.

ఇంతమంది శాస్త్రవేత్తలున్న చోట, ఆ చదువు చదివొచ్చిన వాడికే ఏమీ రాదు. మా వీధి చివరింటి అబ్బాయి బయోటెక్నాలజీలో డిగ్రీ చేశాడు. వాళ్ల కాలేజీలో మైక్రోపిపెట్ ఉంది, బీరువాలో. తాళం హెచ్‌ఓడీ గారి దగ్గర. తనిఖీవాళ్లు వచ్చిన రోజున పిపెట్ బయటికొచ్చి బల్ల మీద దర్శనమిచ్చి, సాయంత్రానికి మళ్లీ లోపలికి వెళ్లిపోయేది.

రికార్డు చూద్దునా, కళ్లు చెదిరాయి. డీఎన్ఏ తీయడం, అగరోజ్ జెల్ మీద నడిపించడం, పీసీఆర్, అన్నీ స్కెచ్ పెన్ను మార్జిన్ల మధ్య ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. ఏ పేజీ తిప్పినా ఒకటే మాట: ప్రయోగం ఫలించింది. పీసీఆర్ కనిపెట్టి నోబెల్ కొట్టిన కేరీ ముల్లిస్‌కైనా ఇన్నిసార్లు వరసగా కుదిరి ఉండదు. సీనియర్ రికార్డులోనూ అదే జెల్, అవే గీతలు. ఆ పై సీనియర్‌దీ అంతే. వంశపారంపర్యంగా వచ్చేవి జన్యువులొక్కటేనని ఎవరన్నారో గానీ!

తర్వాత వాడు హైదరాబాద్‌లో ఏదో శిక్షణకెళ్లాడు. అక్కడ తంతంతా తిరగబడింది. చేసింది చేసినప్పుడే పెన్నుతో రాయాలట. తప్పు పోతే వైట్‌నర్ పూయకూడదు, ఒక గీత కొట్టి పక్కన తేదీ, సంతకం పెట్టాలి. పిపెట్ నిజం చెబుతోందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. దానికి ఫారిన్ మిషనేమీ అక్కర్లేదు. 1000 మైక్రోలీటర్ల నీళ్లు పట్టి మంచి త్రాసు మీద వదిలితే గ్రాముకు అటూ ఇటూగా తూగాలి. పదిసార్లు తూచి తేడా రాసుకోవాలి. మిర్చి యార్డులో తరుగు మీద కాటా దగ్గర కొట్లాడే వాళ్లకు ఇది ఒకరు నేర్పాలా?

ఆటోక్లేవ్ సంగతి నాకు బాగా నచ్చింది. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నిమిషాలు. పైన అంటించిన టేపు మీద చారలు నల్లబడితే వేడి తగిలిందని మాత్రమే అర్థం, క్రిములన్నీ చచ్చాయని కాదు. అది తేలాలంటే వేడికి లొంగని మొండి బ్యాక్టీరియా బీజాణువులను లోపల పెట్టి, తీశాక పెంచి చూడాలి. పెరగకపోతేనే నమ్మాలి. మన డిగ్రీలు ఆ టేపు దాకా వచ్చి ఆగాయి.

తిరిగొచ్చేటప్పుడు అబ్బాయి బీటీ స్ట్రిప్పులు పట్టుకొచ్చాడు. పత్తి ఆకు ముక్కను ద్రావణంలో నలిపి స్ట్రిప్పు ముంచితే కాసేపటికి గీతలు తేలతాయి. రెండుంటే బీటీ ప్రొటీన్ ఉన్నట్టు. పై గీత ఒక్కటే వస్తే లేనట్టు. ఆ పై గీతే రాకపోతే స్ట్రిప్పే చెడినట్టు, ఉందో లేదో చెప్పలేం.

వాళ్ల నాన్నకు ఆ ఆఖరి మాట ఎక్కలేదు. “చెప్పలేం అనటానికి ఇంత డబ్బు పోసి చదివించాలంట్రా? ఆ ముక్క నేను ఊరికే చెబుతా గదా!”

అయినా వాడు ఆగలేదు. అయ్య కొన్న విత్తనాలను వందేసి లెక్కన తడి ఇసుకలో పెట్టాడు. పత్తి గింజలు నూటికి కనీసం 75 మొలవాలన్నది ప్రమాణం. లెక్క తేలాక నోటుబుక్కు చంకన పెట్టుకుని కొట్టుకెళ్లాడు.

“బాబాయ్, నూటికి అరవై కూడా మొలవలేదు. మూడుసార్లు పెట్టి చూశా. తేదీలతో సహా రాశా.”

కొట్టాయన కళ్లజోడు తగిలించుకుని పేజీలన్నీ శ్రద్ధగా తిరగేశాడు.

“బాగా రాశావు అబ్బాయ్. నీ ల్యాబుకు ఎన్ఏబీఎల్ గుర్తింపుందా?”

“నాకు ల్యాబేంది బాబాయ్, పెరట్లో చేశా.”

“మరి నీ మాటెట్టా నమ్మేది? నాణ్యతన్నాక ఒక పద్ధతీ పాడూ ఉండాల.”

“అయితే బిల్లియ్యి. సర్కారు ల్యాబులోనే ఇస్తా.”

“దీనికి బిల్లుండదు గదా అబ్బాయ్.”