పరిశోధకులు వినకూడని అయిదు సలహాలు

పరిశోధకుడి చేతికి కొత్త సంగతి చిక్కగానే సలహాలిచ్చేవాళ్లు చుట్టూ చేరతారు. మోసం చెయ్యమని ఎవరూ అనరు. లౌక్యం నేర్పుతున్నట్టే మాట్లాడతారు. అలాంటి సలహాలు అయిదు కింద రాస్తున్నాను. వాటిని వింటే ఏమవుతుందో చూపించడానికి థామస్ మిడ్జ్‌లీ ఒక్కడి కథ చాలు. 1921 డిసెంబరు 9న అమెరికాలోని డేటన్‌లో, జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో, ఆయన బృందం పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు ద్రవాన్ని కాస్త కలిపితే ఇంజను టకటకమని కొట్టుకోవడం (నాకింగ్) ఆగిపోయింది. మిడ్జ్‌లీ ప్రతిభకు వంక పెట్టలేం. దాన్ని ఆయన ఎవరికోసం వాడారన్నదే ప్రశ్న.

1. “పేటెంటు దక్కే దారే పట్టు.”

ఆల్కహాలు కలిపినా నాకింగ్ తగ్గుతుందని మిడ్జ్‌లీకి తెలుసు, స్వయంగా పరీక్షించారు కూడా. అయితే ధాన్యం ఉన్నవాడెవడైనా ఆల్కహాలు తీయగలడు, దాని మీద గుత్త హక్కు రాదు. సీసపు మందు మీద వస్తుంది. అది చాలా కొద్దిగా కలిపితే సరిపోతుందన్న మాటా నిజమే. కానీ విషం తక్కువ ఖర్చుతో పని చేస్తే విషం కాకుండా పోదు. పేటెంటు తీసుకోవడం తప్పని నేననను. 1923లో ఇన్సులిన్ బృందమూ పేటెంటు తీసుకుంది. మందు గుత్త వ్యాపారుల పాలు కాకూడదని, తలా ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చేసింది. ఆ ఏడాదే ఫిబ్రవరిలో డేటన్‌లో సీసం పెట్రోలు తొలిసారి అమ్మకానికి వచ్చింది. హక్కు మీ చేతికొచ్చాక అది ఎవరికి కాపలా కాస్తోందో చూసుకోండి.

2. “భయపెట్టే మాట డబ్బా మీద రానివ్వకు.”

సరుకుకి ‘ఇథైల్’ అని పేరు పెట్టారు. ప్రకటనల్లో సీసం ఊసే లేదు. సీసం మనిషికి పడదని అప్పటికి వందల ఏళ్లుగా వైద్యులకు తెలుసు. మీరు కలిపినదేమిటో కొనేవాళ్లకు చెప్పడానికి జంకుతున్నారంటే, చెప్పి తీరాల్సిన విషయం అదేనని గుర్తుపట్టండి.

3. “నీకు తగిలిన దెబ్బ నీలోనే ఉంచుకో.”

1923 మొదట్లో మిడ్జ్‌లీ ఒంటికే సీసం పట్టింది. పని ఆపి, గాలి మార్పు కోసం ఫ్లోరిడా వెళ్లారు. తిరిగొచ్చి అదే సరుకుని నిశ్చింతగా వాడుకోవచ్చని లోకానికి చెప్పారు. ల్యాబులో మీకు తల తిరిగినా, చర్మం మండినా తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. గైడుకి చూపించండి. కొలిచిన అంకె ఎంత సాక్ష్యమో మీ ఒంట్లో జరిగిందీ అంతే సాక్ష్యం. దాన్ని దాచిన రోజునే పరిశోధన పక్కదారి పట్టినట్టు.

4. “విలేకరుల ముందు ధైర్యం చూపించు.”

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ ద్రవం తయారుచేసే కూలీలకు మతి చలించింది. కొందరిని కట్టేయాల్సి వచ్చింది. అయిదుగురు చనిపోయారు. ఆ రాష్ట్రంలోనే డీప్‌వాటర్ ఫ్యాక్టరీలో కూలీలు లేని పురుగులను గాలిలో పట్టబోయేవారు. వాళ్లు పనిచేసే చోటికి ‘సీతాకోకచిలుకల ఇల్లు’ అనే పేరే పడింది. డేటన్‌లోనూ అంతకుముందే ఇద్దరు పోయారు. ఇంత జరిగాక, అక్టోబరు 30న మిడ్జ్‌లీ విలేకరులను పిలిచి, ఆ ద్రవంతో చేతులు కడుక్కున్నారు. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని నిమిషంపాటు పీల్చి చూపించారు. కూలీ ఆ ఆవిరిని వారాల తరబడి పీలుస్తాడు. ఆ తేడా ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు మిడ్జ్‌లీయే. తనకున్న జ్ఞానంతో తెలియనివాళ్ల కళ్లు కప్పడం కంటే పెద్ద ద్రోహం శాస్త్రవేత్త చేయగలిగింది లేదు.

5. “హాని ఉందంటే వాళ్లనే నిరూపించమను.”

1925 మేలో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ సీసం వద్దేవద్దని గట్టిగా చెప్పారు. కంపెనీల వాదన వేరు: హాని రుజువయ్యేదాకా అమ్ముతాం. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు సీసం మీద పరిశోధన చాలావరకు కంపెనీల డబ్బుతో, రాబర్ట్ కిహో అనే వైద్యుడి చేతుల మీదుగా నడిచింది. రుజువు చేయాల్సింది ఒకరైతే, రుజువుకి కావలసిన డబ్బూ ప్రయోగశాలా ఇంకొకరివి. 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త మనుషుల ఒంట్లో సీసం సహజంగా ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఉందని రాస్తే గానీ ఆ గోడ బీటలు వారలేదు. మన దేశంలో బంకుల్లో సీసం పెట్రోలు ఆగింది 2000లో. అన్నిటికంటే చివరగా అల్జీరియాలో 2021లో ఆగింది. దాదాపు వందేళ్లు ఆ సీసాన్ని పిల్లలు పీల్చారు. వాళ్ల మెదడు ఎదుగుదలకు జరిగిన నష్టాన్ని ఏ కంపెనీ తిరిగి ఇవ్వలేదు. నిరపాయమని చూపించే బాధ్యత కనిపెట్టినవాళ్లదీ అమ్మేవాళ్లదీ. దాన్ని ఎదుటివాళ్ల నెత్తిన పెట్టకండి.

తర్వాతి రోజుల్లో మిడ్జ్‌లీ ఫ్రిజ్‌లలో వాడే ఫ్రియాన్ వాయువునూ తయారుచేశారు. అది ఓజోను పొరను తినేస్తుందని శాస్త్రవేత్తలు చెప్పింది 1974లో, ఆయన చనిపోయిన ముప్పై ఏళ్లకు. ఆ తప్పు ఆయన మీద వేయడం న్యాయం కాదు. ఎంత తెలివిగలవాడికైనా రేపు తెలియబోయేది ఇవాళ తెలియదు. సీసం సంగతి అలా కాదు, ఆయనకు తెలుసు. ఆ విషం తన ఒంటి మీదికే వచ్చింది.

అందుకే పేటెంటు కాగితం మీద సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. నా లెక్క తప్పితే దెబ్బ ఎవరి ఒంటికి తగులుతుంది? నాకు తెలిసిందంతా వాళ్లకు చెప్పానా? రెండో ప్రశ్నకు అవునని చెప్పలేకపోతే సంతకం ఆపండి. ఈ రోజు మీకు పోయే లాభం మీ ఒక్కరిదే.