ఆటల ముచ్చట్లు ఇక్కడొద్దు

జావా రాసేవాళ్ళ కోసం తెలుగులో నడిచే టెలిగ్రాం గ్రూపు అది. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న పిల్లల దగ్గర్నుంచి డాలస్‌లో ఆర్కిటెక్టులుగా స్థిరపడ్డవాళ్ళ దాకా వేలమంది ఉన్నారు. అంతమంది ఉన్నా అందులో చెత్త పేరుకోలేదంటే ఆ ఘనత అడ్మిన్‌గారిదే. ఆయన హైదరాబాదులో ఓ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నారు. గ్రూపులో అందరికీ "సర్".

సర్ పగ్గాలు పట్టకముందు అక్కడి వరస వేరు. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ ఎందుకొస్తోందని ఎవరైనా అడిగితే, జవాబు వచ్చేలోపే దానిమీద గుడ్ మార్నింగ్ పూలగుత్తులు, షాద్‌నగర్ ప్లాట్ల బ్రోచర్లు, రెండు పార్టీల అభిమానుల తిట్లు వచ్చిపడేవి. ప్రశ్న ఎక్కడో అడుక్కి పోయేది. విషయం తెలిసినవాళ్ళు విసిగిపోయి ఒక్కొక్కరే జారుకున్నారు. అప్పుడు సర్ మూడు రూల్సు రాసి గ్రూపు నెత్తిన పిన్ చేశారు.

ఒకటి, జావా తప్ప ఇంకో ముచ్చట వద్దు. రెండు, మీరితే మెసేజ్ డిలీట్, 24 గంటలు మ్యూట్. మూడు, ఏ విషయమైనా సరే, నాకు పర్సనల్‌గా మెసేజ్ పెట్టినవాళ్ళు శాశ్వతంగా బయటికే.

న్యాయంగా చెప్పాలంటే రూల్సు పనిచేశాయి. పోయినవాళ్ళు తిరిగొచ్చారు. అడిగిన ప్రశ్నకు ఆ పూటే జవాబు దొరికేది. సర్ కూడా తన పర భేదం చూడలేదు. 2021 డిసెంబరు 2న 'అఖండ' విడుదలైన రోజు గ్రూపులో "జై బాలయ్య" అన్న తన ఆఫీసు మేనేజర్‌నే మ్యూట్ చేశారు. అది చూసి "సూపర్ సర్" అంటూ బొటనవేలి బొమ్మ పెట్టినవాణ్ణి కూడా మ్యూట్ చేశారు. అదీ ఆఫ్ టాపిక్కే కదా!

ఆ తర్వాతి వారం, డిసెంబరు 10, శుక్రవారం. ఉదయం తొమ్మిదికి తెనాలిలో ఇంటి నుంచే పనిచేస్తున్న ఓ కుర్రాడు గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండలేదు.

"అన్నలూ, మా తమ్ముడు మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంటాడు. తెల్లారేసరికి ఆ ఆటలో అంతా గోలగోలగా ఉందట. చాట్‌లో ఎవరో ఒక వింత లైను టైపు చేస్తే చాలు, సర్వరే వాళ్ళ చేతుల్లోకి పోతోందట. అదీ జావాలో రాసిందే కదా, మన సర్వర్లకు కూడా ఏమైనా..."

ఫోన్ నోటిఫికేషన్‌లో కనబడేది మొదటి లైనే. సర్ చూసిందీ అంతే.

"బాబూ, పిల్లల ఆటల ముచ్చట్లు ఇంట్లో చెప్పుకోండి. ఇక్కడ పనిచేసుకునేవాళ్ళున్నారు."

మెసేజ్ డిలీట్. 24 గంటలు మ్యూట్.

నిజానికి కుర్రాడు చెప్పబోయింది జావా సంగతే. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో ఆడేవాళ్ళు చాట్‌లో టైపు చేసే మాటల్ని సర్వర్ లాగ్‌లో రాసిపెట్టేది లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీ. అపాచీ సంస్థ ఉచితంగా ఇస్తుంది కాబట్టి బ్యాంకులు మొదలుకొని లెక్కలేనన్ని చోట్ల వాడుకలో ఉంది. 2013లో దానికి ఒక సదుపాయం చేర్చారు. రాయాల్సిన మాటల్లో డాలర్ గుర్తు, దాని వెంట మీసాల బ్రాకెట్లో జేఎన్‌డీఐ అన్న నాలుగక్షరాలు, ఒక అడ్రసు కనబడితే, రాసి ఊరుకునేది కాదు. ఆ అడ్రసుకు వెళ్ళేది. అక్కడున్న కోడ్ తెచ్చి నడిపేసేది కూడా. గేటు దగ్గర రిజిస్టరు రాసే గుమాస్తా "మీ పేరేమిటి?" అని అడిగితే, వచ్చినవాడు "బీరువా తాళాలు తీసుకురా" అన్నాడనుకోండి. గుమాస్తా లేచి వెళ్ళి తాళాలు తెచ్చిచ్చినట్టన్నమాట.

అలీబాబా క్లౌడ్ భద్రతా బృందం నవంబరు 24నే ఈ సంగతి అపాచీ చెవిన వేసింది. డిసెంబరు 9న గుట్టు బయటపడింది. దానికి లాగ్‌ఫోర్‌షెల్ అని పేరు పెట్టారు. తీవ్రత కొలిచే స్కేలు మీద 10కి 10 పడింది. లోకం కంట ముందుగా పడింది మాత్రం ఆ పిల్లల ఆటలోనే.

నోరు కట్టేసిన కుర్రాడు ఊరుకోలేక తన ప్రాజెక్టు వాడే లైబ్రరీల జాబితా ఉండే పామ్ ఫైలు తెరిచాడు. లాగ్‌ఫోర్‌జే 2.14.1 అని ఉంది. గుండె గుభేలుమంది. వెంటనే టీమ్ లీడ్‌కి ఫోన్ చేశాడు. ఆయన ఆట పేరు విని నవ్వలేదు. మొత్తం విన్నాడు. అపాచీ అప్పుడే విడుదల చేసిన 2.15.0కి మధ్యాహ్నానికల్లా మారారు. సాయంత్రానికి ప్రొడక్షన్‌లో పెట్టేశారు. తాము పెట్టుకోకపోయినా వేరే లైబ్రరీల కడుపులో దాక్కుని వచ్చే పాత లాగ్‌ఫోర్‌జేను ఎలా పట్టుకోవాలి, ఏ ఆదేశం ఇస్తే మేవెన్ ఏ లైబ్రరీ వెంట ఏది వస్తోందో చెట్టులా విప్పి చూపిస్తుంది, అప్‌గ్రేడ్ కుదరని చోట ఏం చేయాలి అన్నవన్నీ వరసగా తెలుగులో రాసి ఫోన్లో దాచుకున్నాడు, గ్రూపులో పెడదామని.

రాత్రి తొమ్మిదికి సర్ వచ్చారు. మధ్యాహ్నం నుంచి ఆఫీసు ఎమర్జెన్సీ కాల్‌లోనే ఉన్నారట. అవతల అమెరికా క్లయింటు లైను వదలడం లేదట. నాలుగు ఎర్ర సైరన్ బొమ్మలతో మెసేజ్ పిన్ చేశారు.

"మిత్రులారా, లాగ్‌ఫోర్‌జే మా కొంప ముంచింది. మా అప్లికేషన్లు వేటిలో ఉందో, వేటిలో లేదో కూడా తేలడం లేదు. 2.15.0కి మారినవాళ్ళు ఒక్కరున్నా సరే, ఎలా చేశారో దయచేసి వెంటనే ఇక్కడ రాయండి. ఇంకో మాట, బాధ కొద్దీ అంటున్నాను. ఇన్ని వేలమంది జావా ఉద్దండులున్న గ్రూపు ఇది. పొద్దున్నే ఒక్కరంటే ఒక్కరైనా నోరు విప్పి చెప్పారా?"

"సారీ సర్," అన్నారొకరు. "మా దృష్టికి రాలేదు సర్," అన్నారింకొకరు. దారి చెప్పినవాళ్ళు మాత్రం లేరు.

తెనాలిలో కుర్రాడు ఆ ప్రశ్న చదివాడు. నోట్స్ మొత్తం కాపీ చేశాడు. పేస్ట్ చేద్దామంటే టైపు చేసే పెట్టెకు తాళం పడి ఉంది. పోనీ సర్‌కే నేరుగా పంపుదామంటే మూడో రూలు అడ్డొచ్చింది.

మ్యూట్ వీడడానికి ఇంకా 12 గంటలుంది.