గోపన్నకు హింట్లు ఇవ్వలేదు

మళ్ళీ ఒక ఎస్కేప్ రూమ్ తెరిచారట. ఈసారి అడవి అట. దెయ్యాల బంగళా అయిపోయింది, బ్యాంకు దోపిడీ అయిపోయింది, జైలు అయిపోయింది, ఆఖరికి శవాల గది కూడా అయిపోయింది. ఇక మిగిలింది మేమే. చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం వాళ్ళం. ఇన్నాళ్ళకు నగరానికి మా అడవి మీద మనసైంది. మాల్ నాలుగో అంతస్తులో, పాప్‌కార్న్ కొట్టు పక్కన, పన్నెండడుగుల వెడల్పున.

హైదరాబాద్‌లో పనుండి వెళ్ళిన ఖర్మానికి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఆదివారం మా టీమ్‌తో రా. ఆరుగురికి బుక్ చేశాం, ఒకడికి జ్వరం. డబ్బులు వెనక్కివ్వరట." ఆ ఆఖరి ముక్క వింటే గానీ వాడికి నా మీద ఉన్నట్టుండి అభిమానం ఎందుకు పొంగిందో తెలియలేదు. మనిషికి తొమ్మిది వందలు. మా నాయన బతికుంటే అందులో సగానికే వెనక గదిలో పెట్టి గడియ వేసేవాడు, రాత్రికి అన్నం కూడా పెట్టేవాడు.

ముందు ఒక కాగితం మీద సంతకం. లోపల ఏం జరిగినా పూచీ మాదేనని. ఐదుగురు ఇంజనీర్లు చదవకుండా గీకేశారు. నేను చదవబోతే "ఎవరూ చదవరు మామయ్యా" అని అల్లుడు పెన్ను చేతిలో పెట్టాడు. తర్వాత ఫోన్లు లాకర్లో పెట్టించారు. తర్వాత టీవీలో కథ.

మేం ఆరుగురం పర్యాటకులమట. గోదావరి ఒడ్డున అడవిలో దారి తప్పామట. ఒక 'ఆటవిక తెగ' మమ్మల్ని పట్టుకుందట. అరవై నిమిషాల్లో తప్పించుకోకపోతే గూడెం పెద్ద మమ్మల్ని అమ్మవారికి బలిచ్చేస్తాడట. 'గోదావరి' అన్నప్పుడే నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. 'బలి' అన్నాక రక్తపోటు కూడా.

లోపలికెళితే ప్లాస్టిక్ తీగలు, రంపపు పొట్టు, మూడు పుర్రెలు, ఎక్కడో స్పీకర్లోంచి డప్పుల మోత. మూల ఒక కొయ్య మనిషి. నెత్తిన ఈకలు, ముక్కుకు అడ్డంగా ఎముక. నలభై ఏళ్ళుగా కోయ గూడేల్లో తిరుగుతున్నాను, ముక్కులో ఎముక పెట్టుకున్న మనిషి నాకు ఎదురుకాలేదు. సిగ్నల్ కోసం చింతచెట్టెక్కిన పిల్లలు ఎదురయ్యారు. ఆధార్‌లో పేరు తప్పు పడిందని మూడు ఆఫీసులు తిరిగిన ముసలమ్మ ఎదురైంది. ఆ బొమ్మలో ఉన్నవాడు మాత్రం ఏ పాత సినిమా సెట్టులో పుట్టి, ఎవరి గోడౌన్‌లో పెరిగాడో.

ఈకలంటే గుర్తొచ్చింది. మా కొమ్ము కోయలు అడవిదున్న కొమ్ములూ నెమలి ఈకలూ కట్టిన కిరీటాలు పెట్టుకుని డోళ్ళు కొడతారు, నిజమే. పెళ్ళిళ్ళకు కొడతారు, పండుగలకు కొడతారు. ఈ మధ్య మాత్రం ఎక్కువగా హెలిప్యాడ్ల దగ్గర కొడుతున్నారు. మంత్రిగారు దిగేదాకా ఎండలో నిలబెట్టి కొట్టిస్తున్నాం. ఆ డోలు చప్పుడుకు భయపడాల్సిన వాళ్ళెవరైనా ఉంటే అది కొట్టేవాళ్ళే.

సరే, ఆ గదిలో ఒక గుడిసె. గుడిసెకు ఇనప ఊచల తలుపు, దానికి మూడు తాళాలు! గూడెంలో తాళం! ఆ సెట్టు వేసినవాడు జీవితంలో ఒక్కసారి భద్రాచలం బస్సెక్కి ఉంటే ఈ తప్పు చేసేవాడు కాదు. గుత్తికోయ గుడిసెకు తలుపంటే వెదురు తడిక. లోపలికెళ్ళాలంటే పక్కకు జరపాలి, వచ్చేటప్పుడు మళ్ళీ జరపాలి. అది మనుషుల్ని ఆపడానికి కాదు, కోళ్ళనూ కుక్కల్నీ ఆపడానికి. మా గూడేల్లో తాళం వేసి కనబడేవి ఏమైనా ఉన్నాయంటే అవి సర్కారువి. పంతులు రాని బడి, నర్సమ్మ లేని సబ్‌సెంటరు. తాళాన్ని అడవికి తీసుకెళ్ళింది మనం. తీసుకెళ్ళి, బడికి వేసి, తాళంచెవి పట్నంలో పెట్టుకున్నాం.

ఆ తాళాల్లో ఒకదానికి అంకెల కోడు. ఎముకలు లెక్కపెడితే వస్తుందట. ఐదుగురు ఇంజనీర్లు పది నిమిషాలు ఎముకలు లెక్కపెట్టారు. మూడుసార్లు మూడు లెక్కలొచ్చాయి. మా వైపు తునికాకు కల్లంలో ఒక్కొక్క ఆడమనిషి ఎండలో కూర్చుని కట్టకు యాభై ఆకుల చొప్పున పొద్దంతా లెక్కపెట్టి కడుతుంది. తప్పిపోదు. తప్పితే కట్ట తీసుకోరు. ఆవిడ పేరు ఏ గెలుపు బోర్డు మీదా ఉండదు.

అసలు కథే తలకిందులు. అడవిలో దారి తప్పిన పట్నం వాణ్ణి గూడెం వాళ్ళు ఏం చేస్తారు? జావ పోస్తారు. ఏ ఊరని అడుగుతారు. ఒక పిల్లవాణ్ణి తోడిచ్చి రోడ్డు దాకా పంపుతారు. ఆ పిల్లవాడు బస్సొచ్చేదాకా నిలబడి, ఎక్కాక గానీ వెనక్కి తిరగడు. దారి చూపించేవాణ్ణే జైలరును చేశారు చూడండి, అది తొమ్మిది వందల రూపాయల తెలివి. ఇక ఎవరు ఎవర్ని పట్టుకున్నారన్న లెక్కకొస్తే, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక నిబంధన తేవాల్సి వచ్చింది. అది చాలక 1970లో బిగించాల్సి వచ్చింది. ఆ వన్ ఆఫ్ సెవెంటీ కాగితం చదివితే బలి ఎవరిదో, కత్తి ఎవరిదో తెలుస్తుంది. అదీ ఎవరూ చదవరు మామయ్యా.

ఈ ఆట 2007లో జపాన్‌లోని క్యోటోలో తకావో కాటో అనే ఆయన మొదలుపెట్టాడు. ఆయన్ని ఏమీ అనను. భూకంపాల దేశం, ఆపద నుంచి బయటపడడం అక్కడ విద్య. అదృశ్య సిరా, నీలం టార్చి, నకిలీ సాలెగూళ్ళు, వాటినీ ఏమీ అనను. ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పలకరించుకోని వాళ్ళకు పుర్రె వెతికితే స్నేహం కుదురుతుందన్న హెచ్చార్ వాళ్ళ నమ్మకాన్ని దేవుడే కాపాడాలి.

నాకు ఒళ్ళు మండింది గోడ మీది నినాదానికి. తెలివి ఉన్నవాడికి ప్రతి గదిలోంచీ దారి ఉంటుందట! పక్కనే బోర్డు. ఎవరు ఎన్ని నిమిషాల్లో బయటపడ్డారో ర్యాంకులు. అంటే బయటపడనివాడు తెలివితక్కువవాడు. అంతేగా?

అయితే మా నేలకొండపల్లి కంచర్ల గోపన్న తెలివితక్కువవాడు. పాల్వంచ పరగణాకు తహసీల్దారు చేసినవాడు, లెక్కాపత్రం తెలిసినవాడు, శిస్తు సొమ్ముతో భద్రాచలం కొండ మీద రాముడి గుడి కట్టించి గోల్కొండ బందిఖానాలో పన్నెండేళ్ళున్నాడు. అరవై నిమిషాలు కాదు, పన్నెండేళ్ళు. పైన కెమెరాలో చూస్తూ 'సార్, పుర్రె నోట్లో చూడండి' అని చెప్పే కుర్రాడు ఆయనకు లేడు. గోడ మీద దేవుళ్ళ బొమ్మలు చెక్కుకున్నాడు, కీర్తనలు కట్టుకున్నాడు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలై వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపించారని మన కథ. కథనే తీసుకోండి. అందులో కూడా గోపన్న తన తాళం తానే తీసుకుని బయటికి రాలేదు. బయటివాడు వచ్చి బాకీ కడితేనే తలుపు తెరుచుకుంది.

ఆయన్ని లోపల వేసిన గోల్కొండ సుల్తాను తానీషా సంగతి? 1687లో ఔరంగజేబు గోల్కొండను ఎనిమిది నెలలు చుట్టుముట్టాడు. పాదుషా దగ్గర లేని తెలివా, లేని ఫిరంగులా? కోట లొంగలేదు. చివరికి లోపలివాడొకడు డబ్బుకు ఆశపడి తలుపు తీశాడు. తానీషా దౌలతాబాదు కోటలో ఖైదీ అయ్యాడు. ఆయనా ఓ పన్నెండేళ్ళు ఉన్నాడు, అక్కడే పోయాడు. రామోజీ వెళ్ళలేదు. చరిత్రలో ఏ తలుపు చూసినా ఇదే: తీసేవాడుంటే తెరుచుకుంది, లేకపోతే లేదు.

పాత చరిత్రెందుకు, 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచినప్పుడు ఆరుగురు పోయారు. అందరూ అప్పుడప్పుడే ఇరవై దాటిన పిల్లలు. వరంగల్, మహబూబాబాద్, మా ఖమ్మం జిల్లాల నుంచి ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు. పొగ కమ్ముకొస్తుంటే గదిలో చిక్కుకుపోయారు. చదువుకున్న పిల్లలే, తెలివైన పిల్లలే. వాళ్ళకేం తక్కువైంది? మెట్లు తక్కువయ్యాయి, గాలి తక్కువైంది, తనిఖీ చేయాల్సినవాడి సిగ్గు తక్కువైంది.

2019 జనవరి 4న పోలాండ్‌లోని కొషాలిన్‌లో ఇదిగో ఈ ఆటకే వెళ్ళారు ఐదుగురు అమ్మాయిలు. పదిహేనేళ్ళ వాళ్ళు, అందులో ఒకరి పుట్టినరోజు. బయటి గదిలో హీటరు గ్యాసు అంటుకుంది. వాళ్ళ గది తలుపు లోపలి నుంచి తీయడానికి లేదు. ఐదుగురూ పోయారు. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో 27 మంది. అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండానే అది నడిచింది. ఇప్పుడు చెప్పు అల్లుడూ, ఆ కాగితం ఎవరూ చదవరా? ఆటకు గదిలో పెట్టి తాళం వేసేవాడు 'ఏమైనా జరిగితే మీదే పూచీ' అని రాయించుకుంటే, సంతకం పెట్టిన చేతులకు బుద్ధి లేదు, రాయించుకున్నవాడికి నీతి లేదు, అడగని సర్కారుకు రెండూ లేవు.

తప్పించుకోవడమంటే ఏమిటో చూడాలనుంటే టికెట్టు కొనక్కర్లేదు. 2022 జూలైలో భద్రాచలం రావాల్సింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. జూలై 16న గోదావరి 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఊరు ఊరంతా ఒకే గది. అందులో కౌంటర్ ఉంది, గంట గంటకూ అడుగులు లెక్కపెట్టేది. 1986లో 75.6 చూసిన ముసలివాళ్ళు 'ఇంకా నాలుగడుగులుంది' అని ధైర్యం చెప్పారు. ఆ రోజు మాకు దొరికిన హింట్ అదొక్కటే.

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది పొద్దంతా ఇరుక్కున్నారు. హెలికాప్టర్ వస్తుందన్నారు, వాతావరణం బాగాలేదన్నారు. చీకటి పడ్డాక హర్యానా నుంచి పొట్టకూటికి వచ్చిన జేసీబీ డ్రైవరొకడు వరదలోకి బండి నడిపి తొమ్మిది మందినీ తెచ్చాడు. ఆ తొమ్మిది మంది ఏ పజిల్ విప్పారని బతికారు?

ఇక పజిలంటే పజిలే కావాలనుకునేవాళ్ళకు మా అడవిలో ఒకటుంది. సల్వాజుడుం సాయుధ దళాల భయానికి 2005 నుంచి బస్తర్ వైపు ఊళ్ళు వదిలి వచ్చిన గుత్తికోయలు. అటు ఛత్తీస్‌గఢ్‌లో వాళ్ళు షెడ్యూల్డు తెగ. సరిహద్దు దాటి ఇటొస్తే ఆ కుల పత్రం ఇవ్వరు. పోడు హక్కు అడిగితే అటవీ హక్కుల చట్టం గడువు 2005 డిసెంబర్ 13. అంతకు ముందు నుంచీ ఇక్కడే సాగు చేస్తున్నట్టు చూపించాలి. పారిపోయి రావడం మొదలైందే ఆ ఏడాది! ఆ గదికి కోడు ఎన్ని అంకెలో కూడా ఎవరూ చెప్పరు. వానాకాలంలో వాగు పొంగితే నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొస్తారు. ఎన్ని నిమిషాల్లో రోడ్డెక్కారో రాయడానికి అక్కడ బోర్డు లేదు. పోతే పోలీసు పంచనామాలో రాస్తారు, అదీ వాగు తగ్గాక.

  

మళ్ళీ మాల్‌కొస్తాను. రెండు హింట్లతో గుడిసె ఊచల తలుపు తెరిచాం. మిగిలింది అసలు తలుపు. దాని ప్రాణం ఏ చిలకలోనో, తాళంచెవి ఏ బొమ్మ కిందో ఉందని అల్లుడి టీమ్ నేల మీద పాకుతోంది. నేను పుర్రె పక్కన కూర్చుని మోకాలు పిసుక్కుంటున్నాను. ఉన్నట్టుండి కరెంటు పోయింది. డప్పులు ఆగాయి. జనరేటర్ అందుకునే లోపు చీకట్లో 'టప్' మని శబ్దం. తలుపు దానంతటదే వదులైంది. అది అయస్కాంతం తాళమట. కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుందట. నేను లేచి, చేత్తో నెట్టి, బయటికొచ్చాను. వెనకాల ఐదుగురు ఇంజనీర్లు.

కెమెరాల్లో మమ్మల్ని చూస్తూ మైకులో హింట్లు చెప్పే కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. పొద్దున పదికి ఎక్కి రాత్రి పది దాకా ఆ కెమెరాల ముందే ఉంటాడట. అతని గదికి హింట్లు లేవు. మేనేజరుకు ఫోన్ చేశాడు. ఆట మధ్యలో ఆగిందంటే డబ్బులు వాపసివ్వాలి, బయటపడ్డారంటే అక్కర్లేదు. మేనేజరు బాగా చదువుకున్నవాడే అయ్యుంటాడు. కుర్రాడు సుద్ద తీసుకుని బోర్డు మీద మా టీమ్ పేరు రాశాడు. 41 నిమిషాలు. నాలుగో ర్యాంకు.

'తప్పించుకున్నాం' అన్న అట్ట పట్టుకుని ఫొటో దిగమన్నారు. "దాని మీద 'కరెంటు పోయింది' అని రాయరా" అన్నాను. "నువ్వు ఊరుకో మామయ్యా, కాస్త నవ్వు" అన్నాడు అల్లుడు.

మర్నాడు వాళ్ళ ఆఫీసు మీటింగులో ఆ ఫొటో వేసి చప్పట్లు కొట్టారట. వెంటనే తలుపు నెట్టాలన్న ఆలోచన వచ్చినందుకు నన్ను కూడా మెచ్చుకున్నారట, నాలో నాయకత్వ లక్షణాలున్నాయని.