మేకు జరిగిన రాత్రి

మా బొగ్గుబాయిల వైపు బొగ్గు తర్వాత విరివిగా దొరికేది శిలాఫలకం. ఇక్కడి పనులకు ప్రధానమంత్రులే రాళ్ళు వేశారు. రామగుండం ఎన్టీపీసీకి 1978లో మొరార్జీ దేశాయ్ వేసిన రాయి 2,600 మెగావాట్లయింది, అడిగేదేమీ లేదు. ఎరువుల కార్ఖానా కథ వేరు. 1999లో మూతపడ్డ ఎఫ్‌సీఐని ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్ళీ నిలబెట్టడానికి 2016 ఆగస్టులో నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. చేసింది రామగుండంలో కాదు, గజ్వేల్ దగ్గర. కార్ఖానా గోదావరి ఒడ్డున, దాని పునాదిరాయి ఎక్కడో మెదక్ గడ్డమీద. సరే, 2022 నవంబరులో ఆయనే రామగుండం వచ్చి దాన్ని జాతికి అంకితం చేశారు కాబట్టి ఆ లెక్కా సరిపోయింది.

నేను చెప్పబోయే రాయి అంత ఘనమైంది కాదు. ఒక బజారు రోడ్డు వెడల్పు చేయడానికి వేసింది. ఆ బజారు గోదావరిఖనికి అవతల ఉందో, ఇవతల ఉందో చెప్పను. చెప్తే రాయికి ముప్పు.

1960ల్లో ఇక్కడ ఒక్కొక్క ఇంక్లైనే తెరుచుకుంటుంటే బాయి పనికి వచ్చినవాళ్ళు బాయి పక్కనే గుడిసెలు వేసుకున్నారు. గుడిసె ముందు ఒకాయన చాయ పెట్టాడు. ఇంకొకాయన కుర్చీ, అద్దం పెట్టి కటింగ్ షాపన్నాడు. జీతాల రోజున చీరల మూటలు దిగాయి. అలా బజారైంది. నేల సింగరేణి కంపెనీది, పన్ను మున్సిపాలిటీది, ఓట్లు మాత్రం ఎవరు అడిగితే వాళ్ళవి. కంపెనీ ప్రభుత్వానికి అప్పగించిన భూముల్లో ఉంటున్నవాళ్ళకు పట్టాలివ్వడానికి 2019లో 76 నంబరు జీవో వచ్చింది. కొన్ని బస్తీల్లో పట్టాలు పంచారు. ఈ బజారువాళ్ళ చేతిలో ఇప్పటికీ ఉన్న కాగితం కరెంటు బిల్లు.

బజారు నడుమ హోటల్ కాకది చాయ దుకాణం. లోపలికి పద్దెనిమిది అడుగుల పొడుగు, పైన రేకులు. కాక ఒకప్పుడు టింబర్‌మెన్, వీఆర్‌ఎస్ తీసుకుని బయటికొచ్చాడు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లోకి వచ్చారంటే అలా వెళ్ళినవాళ్ళూ, వాళ్ళ స్థానంలో ఎవరూ రాకపోవడమూ కలిసి. ఓపెన్‌కాస్టులు పెరిగి ఇంక్లైన్లు తగ్గాక షిఫ్టు దిగే జనమూ పల్చబడింది. అయినా కాక దుకాణం ముందు రెండు బల్లలు ఖాళీగా ఉండేవి కావు. గుర్తింపు సంఘం ఎన్నికల రోజుల్లో ఒక బల్ల మీద ఒక యూనియన్, రెండో బల్ల మీద ఇంకో యూనియన్ కూర్చునేవి. చాయ మాత్రం ఒకే గిన్నెలోది.

టింబర్‌మెన్ పని చెవితో చేసే పని. కర్రతో పైకప్పు మీద కొట్టి చప్పుడు వినాలి. ఖంగుమంటే కప్పు గట్టిది. డొల్లగా పలికితే అప్పటికప్పుడు ప్రాపు పెట్టాలి, లేదా మనుషులను వెనక్కి పిలవాలి. ఆ అలవాటుతో కాక, దుకాణంలో ఎవరు మాట్లాడినా ముందు గొంతు వింటాడు, తర్వాత మాట వింటాడు. ఆయన ఎప్పుడూ చెప్పే సంగతి ఇంకొకటుంది.

“బాయిల అంత బొగ్గూ తియ్యరు బిడ్డా. పైన రైలు పట్టాలుంటె, ఏరుంటె, సర్కారు కట్టడముంటె దాని కిందిది ముట్టరు. ముట్టాల్నంటె పర్మిషన్ తేవాలె. పర్మిషన్ కాయితం మీద దస్కతు పెట్టెటోడు ఎవడు? కూలితె ఆని మెడకే సుట్టుకుంటది గద.”

ఇది గనుల చట్టంలో ఉన్న సంగతే. మేం చాయ తాగుతూ విని ఊరుకునేవాళ్ళం.

రోడ్డు వెడల్పు అన్నారు. అరవై అడుగులు. టేపు, బ్రష్షు, ఎర్రరంగు డబ్బా పట్టుకుని ముగ్గురు వచ్చారు. నడిరోడ్డు మీద ఒక మేకు కొట్టి దాని చుట్టూ ఎర్రసున్నా చుట్టారు. అది సెంటర్. అక్కడి నుంచి అటు ముప్పై, ఇటు ముప్పై. కాక వరస దుకాణాలకు ముందువైపు తొమ్మిది అడుగులు పోతాయి, వెనక తొమ్మిది మిగులుతాయి. ఎదుటి వరసలో బజారు లీడరు కొత్తగా కట్టిన కాంప్లెక్స్ ఉంది. కింద షట్టర్లు, పైన ఫైనాన్స్ ఆఫీసు. దానికీ తొమ్మిది అడుగులు, అంటే మెట్లూ, షట్టర్ల ముందరి భాగమూ పోతాయి. ఇద్దరికీ సమానమే కదా అని బజారు సగం ఏడుపుతో సర్దుకుంది.

నాలుగు రోజులు గడిచాక ఒక తెల్లవారుజామున కాక ఎప్పటిలాగే పొయ్యి ముట్టించేముందు దుమ్ము అణగడానికి రోడ్డు మీద నీళ్ళు చల్లాడు. ఓపెన్‌కాస్టు దుమ్ము, చల్లకపోతే చాయలో తేలుతుంది. నీళ్ళు ఒకచోట బుడబుడమని ఇంకాయి. వంగి చూస్తే మట్టి కూరిన చిన్న బెజ్జం. అగ్గిపుల్లతో తోడి చూశాడు, లోపల ఎర్రరంగు. మేకు ఏదని వెతికితే తొమ్మిది అడుగులు ఇవతల, తన దుకాణం వైపు, కొత్త సున్నా చుట్టుకుని కూర్చుని ఉంది. కాక మట్టిని మళ్ళీ బెజ్జంలో కూరి, పైన కాలితో తొక్కి, పొయ్యి ముట్టించాడు.

మధ్యాహ్నానికి గోడల మీద కొత్త గుర్తులు పడ్డాయి. ఈ వరసకు పద్దెనిమిది అడుగులూ పోతాయి, వెనక గోడతో సహా. ఎదుటి వరసకు చుక్క రంగు కూడా అంటలేదు.

బజారంతా లీడరు దగ్గరికి పోయింది. ఆయన చేతులు జోడించాడు. “నా చేతుల ఏమున్నదే! పైనుంచి డిజైనే గట్ల వచ్చింది. అభివృద్ధికి అడ్డం పడ్డమన్న పేరు మనకెందుకు?” అన్నాడు. ఎవరి తిప్పలు వాళ్ళు పడ్డారు. మందుల దుకాణం ఆయన హైదరాబాదు బావమరిదికి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. సైకిల్ రిపేరు అతను రాత్రికి రాత్రి గద్దె కట్టి పార్టీ జెండా పాతాడు. పొద్దున జేసీబీ మొట్టమొదట దాన్నే పెకిలించింది. కంగారులో ఓడిపోయిన పార్టీ జెండా పాతాడట పాపం.

కాక మాత్రం జేసీబీ రాకముందే తన రేకులు తనే దింపుకున్నాడు. గోడలు పడగొట్టి, ఇటుకలు ఒకపక్క పేర్చి, జాగా ఊడ్చి పెట్టాడు. సాయంత్రం బంతిపూల దండతో లీడరు ఇంటికి వెళ్ళాడు.

“సారూ, శంకుస్థాపన రాయి మా జాగాల పెట్టుండ్రి. నా దుకాణమెట్లనన్న పోయింది, గాడ మీ పేరన్న ఉంటది.”

లీడరుకు ఆ రాయితో అప్పటికే తలనొప్పిగా ఉంది. కాంట్రాక్టరు దాన్ని కాంప్లెక్స్ ముందు పెడదామంటున్నాడు. పెడితే షట్టర్లకు అడ్డం. దేవుడే పంపినట్టు వచ్చిన కాకను పక్కన కూర్చోబెట్టుకుని ఫొటో దిగాడు. స్వచ్ఛందంగా స్థలం ఇచ్చిన వృద్ధ కార్మికుడని ఆ ఫొటో జిల్లా పేజీలోకి ఎక్కింది. బజారు మాత్రం కాక ముఖం మీద ఉమ్మేయడం ఒక్కటే తక్కువ చేసింది. నలభై ఏండ్లు పక్కపక్కన బతికినవాళ్ళు ఆయన చేతి చాయ తాగబోమన్నారు. అసలు చాయే లేదప్పుడు, అది వేరే సంగతి.

రాయి కట్టడం కాకే దగ్గరుండి చేయించాడు. “మంత్రిగారి పేరున్న రాయి. వానకు ఒరిగితె మన ఇజ్జతే పోతది” అని నాలుగు అడుగుల లోతు పునాది తవ్వించి, రాడ్లు వేయించి, కాంక్రీటు పోయించి, రోజూ పొద్దున సాయంత్రం నీళ్ళు కొట్టాడు. రాయి కొంచెం రోడ్డు మీదికి వస్తోందని మేస్త్రీ అంటే, “జనానికి కనవడాలె గదనయ్యా” అన్నాడు. ఆరడుగుల నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు, పదకొండు పేర్లు. ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అన్న ప్రోటోకాల్ గొడవతో మొదటి రాయి పక్కన పడేసి రెండోది చెక్కించారు. కొబ్బరికాయ కొట్టారు, టెంటు పీకేశారు, దుకాణాలు కూల్చారు.

ఆ తర్వాత రోడ్డు మీద చెప్పుకోదగ్గ పనేమీ జరగలేదు. ఎన్నికలు వచ్చాయి. సర్కారు మారింది. రాయి మీద మొదటి పేరున్న పెద్దాయన గెలిచినవాళ్ళ కండువా కప్పుకున్నాడు. మన లీడరు కూడా కప్పుకుంటానన్నాడు గానీ అక్కడ క్యూ పెద్దదిగా ఉంది, ఇంకా వరసలోనే ఉన్నాడు.

కొత్త కాంట్రాక్టరు, కొత్త ఇంజనీరు వచ్చారు. చూస్తే రాయి రోడ్డులో ఉంది. దాని వెనక కాక చాయ డబ్బా ఉంది. పైరేకు ఒక అంచు రాయి వీపుకు తగిలించి, పొయ్యి దాని నీడలో పెట్టుకున్నాడు. డబ్బా లాగితే రాయి కదులుతుంది. జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపి ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు రాయి మీద మొదటి పేరు చదివి పైఆఫీసుకు ఫోన్ చేశాడు. రాయి తీయొచ్చు, తీయమని ఎవరైనా రాసివ్వాలి అన్నారు. ఎవరు రాసిస్తారంటే ఫోన్ పెట్టేశారు. ఇంజనీరు కాక దగ్గర చాయ తాగి వెళ్ళిపోయాడు.

ఇక రోడ్డు ఇరుకు చేద్దామంటే కాంట్రాక్టరు ఒప్పుకోడు. మంజూరైంది అరవై అడుగులకు, అడుగు తగ్గితే బిల్లు తగ్గుతుంది. రాయి నుంచి ఎదుటివైపు టేపు పట్టారు. అరవై అడుగులు కాంప్లెక్స్ షట్టర్ల లోపలికి వెళ్ళి ఆగాయి. వారం తిరగకుండా మెట్లు పోయాయి.

ఆ సాయంత్రం లీడరు కాక డబ్బా దగ్గరికి నడిచొచ్చాడు. కారు ఆపడానికి అక్కడ స్థలం లేదు. నేను బల్ల మీదే ఉన్నాను.

“కాకా, నువ్వన్న ఒక దరఖాస్తు పెట్టు. ఈ రాయి నా జాగాలుంది, తీయుండ్రని. నా తొమ్మిది ఫీట్లు పోయినయి గదనే!”

కాక గ్లాసు కడిగి చాయ పోసి ముందు పెట్టాడు.

“అయ్యో సారూ, మీ పేరున్న రాయిని నేనెట్ల తీయమంట? మీయి ఏం పోలే. కావాల్నంటె టేపు పట్టి చూడుండ్రి. పాత మేకు బెజ్జం గాడనే ఉన్నది. దానికెల్లి రాయి దాంక ముప్పై ఫీట్లు. అటు మీ గోడ దాంక ముప్పై ఫీట్లు. అంగులం ఎక్కువ లేదు, తక్కువ లేదు. రాత్రి పూట నేనే కొలిచిన.”

లీడరు చాయ తాగలేదు. డబ్బులు అడగలేదు కాక.

రాయి వెనక మిగిలిన తొమ్మిది అడుగుల్లో ఆ వరస దుకాణాలన్నీ మళ్ళీ లేచాయి, చిన్నవిగానే. బజారు కింది సగానికి రెండో విడత వెడల్పు పనులని ఈ మధ్యే ఎర్రగుర్తులు పడ్డాయి. అక్కడి వర్తకులంతా కలిసి పోయిన సోమవారం ప్రజావాణిలో వినతిపత్రం ఇచ్చారు. రోడ్డు ఆపమని కాదు. తమ వరసలో కూడా శంకుస్థాపన చేయాలని, వీలైతే దుకాణానికొక రాయి చొప్పున.